ఆసక్తి లేదని నమోదు చేయడమైనది

మార్చి 6, 1955, ఆదివారం

సంఘం మినిట్స్ పుస్తకంలో ప్రతి పుట కిందా చైర్మన్ గారి సంతకం ఉండాలి. ఆయన సంతకానికి నోచుకోని విషయాలు కూడా లోకంలో జరుగుతుంటాయి కనుక వాటికొక పుస్తకం అవసరమని, కార్యదర్శి హోదాలో నేనే ప్రతిపాదించి, నేనే బలపరిచి, ఏకగ్రీవంగా ఆమోదించుకున్నాను. ఖర్చు: బడి బీరువాలో మిగిలిపోయిన రూళ్ళ నోటుపుస్తకం ఒకటి.

ఈ రోజు తెలుక్ ఆన్సన్‌లో, చైర్మన్ శ్రీ వెంకటసామి గారి సరుకుల కొట్టు మేడమీద, ఇక్కడి మనవాళ్ళ సంఘం శాఖ సమావేశం జరిగింది. జూలైలో ఈ మలాయి దేశానికి మొట్టమొదటి ఎన్నికలు. మా నియోజకవర్గంలో సంఘం తరపున ఎవరు నిలబడాలో ఏప్రిల్ పదిహేడున సభ్యులు చేతులెత్తి నిర్ణయించాలి. చైర్మన్ గారు తమ అల్లుడు శ్రీ రామదాసు పేరు సూచించారు. రామదాసు గారు ఈపోలో దంతవైద్యులు. సభలో ఆయన నోరు తెరవలేదు. ఇతరుల చేత తెరిపించడమే ఆయన వృత్తి.

"ఇంకెవులైనా ఉన్నారేటి?" అని చైర్మన్ గారు అడిగారు. అలా అడగడం ఆనవాయితీ. జవాబు చెప్పడం ఆనవాయితీ కాదు.

వెనక వరసలోంచి దేవుడమ్మ లేచింది. ఆరోమైలు తోటలో రబ్బరు పాలకు చెట్లు గీస్తుంది. ఆమె కూతురు నా బడిలో మూడో తరగతి.

"మా టీచరమ్మ ఉంది గదా. ఇంగిలీసు తెలుసు, మలాయి తెలుసు, మా బాస తెలుసు. ఆ పళ్ళ డాక్టరు బాబుకి మా తోటకొచ్చే దారి కూడా తెల్దు."

జనం నవ్వారు. నేను లేచి, "ఆ పదవిపై నాకు ఏ విధమైన ఆసక్తీ లేదు" అని స్పష్టంగా చెప్పాను. ఆ మాటను నా చేత్తోనే మినిట్స్‌లో రాశాను. అయితే నిబంధనల్లో ఏడో క్లాజు ప్రకారం ఉపసంహరణ సంతకంతో, రాతపూర్వకంగా ఉండాలి. అక్కడికక్కడే రాసిద్దామంటే కలంలో సిరా అయిపోయింది.

ఇది రాసేటప్పుడు ఉంది.

నాకు ఆ పదవిపై ఏ విధమైన ఆసక్తీ లేదని ఇందుమూలంగా నమోదు చేయడమైనది.

మార్చి 9

సిరా పుష్కలంగా ఉంది. సరైన సైజు కాగితం దొరకలేదు.

మార్చి 13, ఆదివారం

భవిష్యత్తులో ఎవరైనా పరిశోధకులకు పనికొస్తుందేమోనని మా శాఖ నిర్మాణాన్ని ఇక్కడ పొందుపరుస్తున్నాను. పరిశోధకులు ఈ డైరీ చదివే అవకాశం లేదు. అయినా పొందుపరుస్తున్నాను.

మొత్తం సభ్యులు నూట నలుగురు. పట్టణంలో నలభై ముగ్గురు, ఆరోమైలు తోటలో నాతో కలిపి అరవై ఒక్కరు. తోట సభ్యుల చందా చైర్మన్ గారే దయతో కడతారు. వాళ్ళ సభ్యత్వ కార్డులు భద్రత కోసం ఆయన కొట్లోని ఇనపపెట్టెలో ఉంటాయి. ఓటింగు రోజున ఆయన లారీ తోటకు వెళ్ళి సభ్యులను తెస్తుంది. మెట్ల దగ్గర కార్డులు చేతికిస్తారు. తోట కూలీల మేస్త్రి అప్పడు ముందు వరసలో కూర్చుని చెయ్యెత్తుతాడు. వెనకున్న వాళ్ళు ఆ చెయ్యి చూసి ఎత్తుతారు. దిగేటప్పుడు కార్డులు తిరిగి పెట్టెలోకి వెళ్ళిపోతాయి. ఈ పద్ధతిలో గత ఆరేళ్ళుగా ఏ తీర్మానమూ ఓడిపోలేదు.

ఈ అరవై ఒక్కరిలో దేశం ఓటరు పట్టికలో పేరున్నవాళ్ళు తొమ్మిదిమంది. మిగతావాళ్ళకు పౌరసత్వ కాగితాలు లేవు. కనుక అభ్యర్థిని ఎంచే హక్కు ఉన్నవాళ్ళకు ఓటు లేదు. ఓటున్న వాళ్ళను ఎవరూ ఏమీ అడగలేదు.

మద్రాసులో మూడేళ్ళు రాజనీతిశాస్త్రం చదివాను. అందులో లారీ ప్రస్తావన ఎక్కడా లేదు.

మార్చి 20, ఆదివారం

చైర్మన్ గారు బడికి దయచేశారు. ఆయన మా నాన్న చిన్ననాటి స్నేహితుడు. నాన్న ఈ తోట ఆఫీసులోనే గుమాస్తాగా పనిచేసి పోయాడు. అందుచేత చైర్మన్ గారిని సభలో చైర్మన్ గారనీ, బడిలో మావయ్యా అనీ పిలవడం నా అలవాటు.

ఆయన పిల్లల బల్ల మీద కూర్చుని చాలాసేపు కప్పుకేసి చూశారు.

"రేకులు సిల్లులడిపోనాయి గదమ్మా."

"మూడేళ్ళనించి అర్జీలు పెడుతున్నాను మావయ్యా. బడి కమిటీ అధ్యక్షులు మీరే."

"అదేనమ్మా. సేద్దారి." ఆయన నాకేసి తిరిగారు. "నీకు ఆసగ్గి లేదని నువ్వే సెప్పినావు గదా. మరి కాయితం రాసియ్యడానికేటి అడ్డం?"

"సైజు."

"ఏటీ?"

"కాగితం సైజు మావయ్యా. ఫుల్‌స్కేప్ ఉండాలి."

"రేపే పంపిస్తాన్లా," అని, ఇక్కడందరిలాగే మాట చివర మలాయి "లా" తగిలించి ఆయన లేచారు. 

మార్చి 23

చైర్మన్ గారు కాగితం పంపించారు కూడా. ఒక దస్తా. ఎంతో నాణ్యమైన కాగితం. పిల్లల చేత వైశాఖం నుంచి ఫాల్గుణం దాకా నెలల పేర్లు రాయించాను. చైత్రం నేనే మరిచిపోయాను, మళ్ళీ రాయించాను. దస్తా అయిపోయింది.

మార్చి 27, ఆదివారం

తోట లైన్లలో, అంటే కూలీల ఇళ్ళ వరసల్లో, ఇంటింటికీ తిరిగాను. బడి హాజరు విషయమై.

మాటల మధ్యలో పౌరసత్వ అర్జీ ఎలా పెట్టుకోవాలో, ఐదో తరగతితో ఆగిపోతున్న బడికి ఆరో తరగతి ఎలా తేవచ్చో, ముళ్ళకంచె లోపల ఉన్నంత మాత్రాన ఈ దేశం లెక్కలో లేకుండా పోనక్కరలేదనీ చెప్పాను. హాజరు విషయం కూడా చెప్పాననే గుర్తు.

కూర్మమ్మ, డెబ్భై ఏళ్ళ మనిషి, నా మాటలన్నీ విని, "ఏటమ్మా, ఓట్లకొచ్చినావా?" అని అడిగింది.

"లేదు."

"ఓట్లకొచ్చినోళ్ళు బీడీలిస్తారు. నువ్వు ఇవ్వలేదు. నిజివే."

నాకు ఆసక్తి లేదని మరొకసారి నమోదు చేయడమైనది.

ఏప్రిల్ 10, ఆదివారం

చైర్మన్ గారి నుంచి సమావేశం నోటీసు వచ్చింది. పదిహేడో తేదీ సాయంకాలం ఐదున్నరకు. ఇంతకుముందు ప్రతి సమావేశమూ ఉదయం పదింటికే జరిగేది.

తోట రోడ్డు మీద కర్ఫ్యూ ఏడింటికి మొదలవుతుంది. అడవిలోని కమ్యూనిస్టు తిరుగుబాటుదార్ల కారణంగా ఎమర్జెన్సీ వచ్చి ఏడేళ్ళయింది. ఏడు దాటాక కంచెకు బయట కనిపించిన మనిషిని సెంట్రీ ఏమీ అడగనక్కరలేదు, కాల్చొచ్చు. పట్నంనుంచి తోటకు ఆరు మైళ్ళు. నడిస్తే రెండు గంటలు. లారీలో అరగంట. లారీ ఒక్కటే, చైర్మన్ గారిది.

అంటే సభ్యులకు చెయ్యెత్తే స్వేచ్ఛ పూర్తిగా ఉంది. ఇంటికి చేరడం మాత్రం వేరే అంశం.

ఏప్రిల్ 16, శనివారం

ఈ రోజు వివరంగా రాయాలి.

పొద్దున తొమ్మిదింటికి చైర్మన్ గారి లారీ తోట గేటు దగ్గరికి వచ్చింది. అందులో అరవై ఒక్క పాలడబ్బాలు, చిక్కటి తీపిపాలవి. ప్రతి డబ్బా మీదా ఆవు బొమ్మను మూసేస్తూ రామదాసు గారి ఫొటో అతికించి ఉంది. పక్కన మేస్త్రి అప్పడు.

గేటు దగ్గర స్పెషల్ కానిస్టేబులు అరుముగం డ్యూటీలో ఉన్నాడు. అడవిలో వాళ్ళకు చేరకుండా ఉండడానికి, అమ్మిన ప్రతి డబ్బాకూ చిల్లు పొడవాలన్నది ఎమర్జెన్సీ రూలు. చిల్లు పడ్డ పాలు దాచడానికి పనికిరావు. సొంతంగా సరుకుల కొట్టు నడిపే చైర్మన్ గారికి ఈ రూలు కంఠతా వచ్చు. కానుకను అమ్మకంతో సమానంగా చూడరని ఆయన అనుకున్నట్టున్నారు.

"పొక్క లేదు. లోపలికి పోకూడదు," అన్నాడు అరుముగం.

"ఇవి అమ్మకం కావురా తమ్ముడూ. ఇచ్చేవి. ఓట్లకి," అన్నాడు అప్పడు, అంతకంటే మంచి కారణం ఏముంటుందన్నట్టు.

"ఓటుకైనా పొక్క వెయ్యాల్సిందే లా. రూలు అలా."

సుత్తీ మేకూ తెచ్చి అరుముగం పని మొదలుపెట్టాడు. చిల్లు ఎక్కడ పొడవాలన్నది రూల్సులో లేదు. మూతల మీద పొడిస్తే మేకు జారుతోందని పక్కనుంచి పొడిచాడు. పక్కన రామదాసు గారున్నారు. డబ్బాకు రెండు చొప్పున ఆయనకు నూట ఇరవై రెండు చిల్లులు పడ్డాయి. అరుముగం అందరిపట్లా ఒకేలా, నిష్పక్షపాతంగా వ్యవహరించాడని సాక్షిగా చెప్పగలను.

పాలు కారుతున్నాయి. చీమలు సమాచారం అందుకున్నాయి. సాయంకాలంలోగా తాగెయ్యాలి, లేకపోతే పారెయ్యాలి. డబ్బాలు పంచుతూ అప్పడు, "ఇంటికొకటి. ఎవులిచ్చినారో గుర్తెట్టుకోండి. రేపు సెయ్యెత్తాల," అని ప్రతి గుమ్మం దగ్గరా అన్నాడు.

ఇక్కడే అసలు చిక్కు. తోటలో ఎవరూ ఎవరి దగ్గరా ఊరికే తినరు. తిన్నాక మాట తప్పరు. కూర్మమ్మ డబ్బాను గుమ్మంలోనే పెట్టి, లోపలికి తీసుకెళ్ళకుండా కూర్చుంది.

"తాగినాక సెయ్యెత్తకపోతే ఎలాగమ్మా? ఆళ్ళ పాలు తాగినోళ్ళవైపోతాం గదా. తాగకపోతే చీమల పాలు. ఏటి సెయ్యాల?"

లైన్లంతా ఇదే చర్చ. కార్యదర్శిగా నిబంధనలు తిరగేశాను. సమాధానం ఏ క్లాజులోనూ లేదు. దేవుడమ్మ దగ్గర ఉంది.

"మనవెందుకు తాగాల? గుళ్ళో రావుడు తాగుతాడు. అన్ని డబ్బాలూ ఒక్క డేకిసాలో ఒంపండి. సగ్గుబియ్యం ఏసి కాసి, ముందు రావుడికెట్టండి. ఆయనకెట్టినాక మిగిలింది పెసాదం. పెసాదం తిన్నోళ్ళు ఎవులికైనా బాకీ ఉంటారేటి?"

అప్పడు పరుగున వచ్చాడు. "అదేటి మాటే! పాలు ఎంకటసామి గారివి."

"కావని ఎవులన్నారు? ఆయనే రావుడికిచ్చినారు. పుణ్యం ఆయనది. సెయ్యి మాది."

అప్పడికి శాస్త్రంలో తప్పు దొరకలేదు. మధ్యాహ్నం రెండింటికి పాయసం ఉడికింది. మూడింటికి నైవేద్యం అయింది. నాలుగింటికి డేకిసా ఖాళీ. అప్పడు రెండు దొప్పలు తిన్నాడు. ఖాళీ డబ్బాలు కంచె పక్కన వరసగా పేర్చారు. అరవై ఒక్కమంది రామదాసులు చిల్లులతో అడవికేసి చూస్తున్నారు.

నేను ఒక దొప్ప తిన్నాను. ప్రసాదం కనుక.

ఏప్రిల్ 17, ఆదివారం

హాజరు నూట నలుగురు. సమావేశం ఐదున్నరకు మొదలైంది. చైర్మన్ గారు స్వరాజ్యం గురించీ, అదే మాటకు మలాయి అయిన మెర్డెకా గురించీ, నమ్మకస్తుల గురించీ నలభై నిమిషాలు మాట్లాడారు. మధ్యలో మూడుసార్లు గోడ గడియారం చూశారు. ఆరూ పదికి ఓటింగు.

రామదాసు గారికి నలభై ఆరు. పట్టణం మొత్తం, తోట నుంచి అప్పడూ, అతని ఇద్దరు తమ్ముళ్ళూ. అప్పడు ఎప్పటిలాగే ముందు వరసలో చెయ్యెత్తాడు. వెనక్కి తిరిగి చూసి, ఎత్తిన చెయ్యి అలాగే ఉంచి, తల మాత్రం దించుకున్నాడు.

నాకు యాభై ఎనిమిది. ఇందులో ఒక చెయ్యి నాదేనని తర్వాత గమనించాను. దాన్ని ఎవరెత్తారో తెలియదు.

చైర్మన్ గారు మెట్లు దిగి, లారీ దగ్గరికి వెళ్ళి, డ్రైవరుతో మాట్లాడి తిరిగొచ్చారు. ఆయన ముఖంలో నిజమైన విచారం ఉంది. "బేటరీ దిగిపోనాది."

ఈసారి అందరూ గోడ గడియారం చూశారు.

"ఓటింగులో కూడా ఏదో పొరపాటు జరిగినట్టుంది," అన్నారు ఆయన, నాకేసి చూడకుండా. "ఇంకోపాలి ఎట్టుకుంటే, ఈలోగా బేటరీ ఎక్కినా ఎక్కొచ్చు."

ఆరున్నర. అందరూ నన్ను చూశారు. భయపడ్డానని మినిట్స్‌లో రాయలేదు. ఇక్కడ రాస్తున్నాను. ముసలివాళ్ళున్నారు. చంటిపిల్లలను లైన్లలో వదిలి వచ్చిన తల్లులున్నారు. రెండో మైలు దగ్గరే చీకటి పడుతుంది. మళ్ళీ ఓటింగు పెట్టండని చెప్పడానికి నోరు తెరిచాను కూడా.

"నడవండి," అంది దేవుడమ్మ.

"ఎక్కడికి?" అన్నాను.

"నువ్వు సెప్పాల. నిన్నేకదా గెలిపించినాం."

అప్పుడు చెప్పాను. ఊళ్ళో పక్కకు ఒరిగిన గడియార స్తంభం పక్కనుంచి, ఇద్దరిద్దరుగా, పోలీసు ఠాణాకు నడిచాం. లోపలున్న ఇన్‌స్పెక్టరు టీ తాగుతున్నాడు. ఇంగ్లీషులో ఇలా విన్నవించాను: మేము అరవై ఒక్కమందిమి మరో ఇరవై నిమిషాల్లో కర్ఫ్యూ ఉల్లంఘించబోతున్నాము. ముందుగా తెలియజేయడం బాధ్యతగా భావించాము. దయచేసి అరెస్టు చేయండి.

"ఐదుగురికి మించి గుమిగూడకూడదని తెలియదా?" అన్నాడు.

"తెలుసు. అందుకే ఠాణాలో గుమిగూడాము."

ఆయన టీ కప్పు కింద పెట్టాడు. అరవై ఒక్క రిమాండు కాగితాలు నింపడమా, రెండు పోలీసు లారీలు ఇవ్వడమా అన్నది ఆయన ముఖం మీద స్పష్టంగా కనిపించింది. లారీలు ఇచ్చాడు.

అప్పడు కూడా మాతోనే ఎక్కాడు. లారీకి బేటరీ దిగిపోయినప్పుడు, దాని యజమాని మాటకు చెయ్యెత్తినవాడికి కూడా దిగిపోయింది.  గేటు దగ్గర దిగాక, "నన్ను కూడా ఒగ్గేసినారు," అన్నాడు, ఎవరితోనో తెలియకుండా.

ఏప్రిల్ 18

గొంతు బొంగురుపోయింది. లారీలో పాడినవాళ్ళలో నేను లేనని నమోదు.

మే 8, ఆదివారం

చైర్మన్ గారు మళ్ళీ బడికి వచ్చారు. చేతిలో రెండు కాగితాలు.

మొదటిది కౌలాలంపూర్ ప్రధాన కార్యాలయం నుంచి. విశాల ప్రయోజనాల దృష్ట్యా శ్రీ రామదాసు గారిని అభ్యర్థిగా ఖరారు చేస్తూ, స్థానిక ఓటింగును అభినందించారు. స్థానికంగా గెలిచినవారు స్వచ్ఛందంగా తప్పుకుంటున్నట్టు లేఖ ఇస్తే అంతా శాస్త్రోక్తంగా ఉంటుందట.

రెండోది ఆ లేఖ. టైపు చేసి సిద్ధంగా ఉంది. "ఆ పదవిపై నాకు ఏ విధమైన ఆసక్తీ లేదు." కింద నా పేరు, జయమణి, బి.ఏ. సంతకానికి చోటు.

"నీ మాటే అమ్మా ఇది. మినిట్స్‌లో నువ్వు రాసిందే. అచ్చరం మార్చలేదు."

నిజమే. మార్చలేదు.

"సంతకం ఎడితే వచ్చే నెల్లో కొత్త రేకులు. ఆరో తరగతి కూడా. నువ్వే హెడ్డు. ఎట్టకపోతే..." ఆయన బయట ఆడుకుంటున్న పిల్లలను చూశారు. "కమిటీ నిన్ను క్లాంగ్ తోటల వైపు పంపాలంతంది. నేను ఆపుతున్నాను. ఎన్నాళ్ళు ఆపగల్ను?"

"ఆలోచించుకుంటాను మావయ్యా."

"ఆలోసించడానికి ఏటుందమ్మా, నీకు ఆసగ్గే లేనప్పుడు?"

ఆయన అడిగింది సక్రమమైన ప్రశ్న. రెండు నెలలుగా ఈ పుస్తకంలో నేను అడగనిది.

మే 9

సంతకం చేయలేదు. సిరా ఉంది. కాగితం కూడా సరైన సైజుదే.

మే 15

చేయలేదు.

మే 22, ఆదివారం

రాత్రి వాన. పిల్లల బల్లల మీద నీళ్ళు. పొద్దున దేవుడమ్మ వచ్చి నాతోపాటు బల్లలు తుడిచింది. లేఖ చూపించాను. తెలుగు చదవడం ఆమె ఈ మధ్యనే కూతురి దగ్గర నేర్చుకుంది. పెదవులు కదిలిస్తూ చదివింది. చాలాసేపు పట్టింది.

"మంచి రేకులే ఇస్తారంటావా?"

"ఇస్తారు. మాట మీద నిలబడే మనిషే."

"పిల్లలకి మంచిదే మరి." తడిగుడ్డ పిండింది. "రేకుల మాట ఒగ్గెయ్. మా మాట ఒగ్గెయ్. నీకు కావాలా, వద్దా? అది సెప్పు టీచరమ్మా. ఇన్ని మాటలు సెప్తావు, ఆ ఒక్కటీ సెప్పవు."

ఈ అంశం తదుపరి సమావేశానికి వాయిదా వేయడమైనది.

జూన్ 13, సోమవారం

మెడలోని గొలుసును నామినేషన్ డిపాజిట్టు నిమిత్తం తెలుక్ ఆన్సన్ తాకట్టు కొట్టుకు డెప్యుటేషన్ మీద పంపడమైనది. గొలుసు అభ్యంతరం చెప్పలేదు. అమ్మ ఉండి ఉంటే చెప్పేది.

సంఘం మినిట్స్ పుస్తకం, బీరువా తాళంచెవీ చైర్మన్ గారికి అందజేసి రసీదు తీసుకున్నాను. లేఖను కూడా తిప్పి ఇచ్చాను, సంతకం లేకుండా. అందులోని ఒకే ఒక వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీసి, పిల్లల పరీక్ష కాగితాల మీద రాసినట్టే, "తప్పు" అని రాశాను.

ఆయన చదివారు. కోపం తెచ్చుకోలేదు. "అయితే అబద్ధం రాసినావన్నమాట మినిట్స్‌లో."

"అవును మావయ్యా. కింద మీరు సంతకం చేశారు."

జూన్ 15, బుధవారం

నామినేషన్ దినం. స్వతంత్ర అభ్యర్థిగా దరఖాస్తు ఇచ్చాను. గెలుస్తానని ఎవరూ అనుకోవడం లేదు, నాతో సహా. బదిలీ ఉత్తరువు నిన్ననే అందింది. క్లాంగ్‌లో జూలై ఒకటిన చేరాలట. పోలింగు జరిగే జూలై ఇరవై ఏడు దాకా నేను తీరిక లేని మనిషినని జవాబు రాశాను.

ప్రతిపాదించేవాళ్ళూ, బలపరిచేవాళ్ళూ ఓటరు పట్టికలో ఉండాలి. తోటలోని తొమ్మిదిమందిలో దేవుడమ్మ ఒకతె. ఇక్కడే పుట్టింది. ఒక్కొక్క అక్షరమే పేర్చి సంతకం చేసింది. బలపరచడానికి మరొకరు కావాలి. క్యూలోంచి, ఆ తొమ్మిదిమందిలోనే ఒకడైన మేస్త్రి అప్పడు ముందుకొచ్చాడు.

"నువ్వా?" అంది దేవుడమ్మ.

"నేనే. ఆ బేటరీ నాకూ దిగిపోనాది గదా," అని కలం అందుకున్నాడు.

వరండాలో రామదాసు గారు ఎదురయ్యారు. ఆయనా నామినేషన్ వేసి వస్తున్నారు. నన్ను చూసి ఆగి, ఈ ఎన్నికల చరిత్రలో మొదటిసారిగా నాతో మాట్లాడారు.

"కింద ఎడమవైపు చివరి పన్ను పుచ్చిపోయిందండీ. మీరు నవ్వుతుంటే కనిపించింది. చూపించుకోండి."

"ఎన్నికల తర్వాత వస్తానండి."

"రండి," అన్నారాయన, ఎంతో మర్యాదగా. పాలడబ్బాల సంగతి ఆయనకెవరూ చెప్పినట్టు లేదు.

నేను నవ్వుతున్నానని నాకు తెలియదు.

మార్చి 6 నాటి నమోదు, మార్చి 27 నాటి నమోదు ఇందుమూలంగా రద్దు చేయడమైనది. ఏప్రిల్ 17న ఎత్తిన చెయ్యి నాదే, ఎత్తింది నేనే. ఏప్రిల్ 18న గొంతు బొంగురుపోయింది పాడినందుకే.

ఆ పదవి నాకు కావాలి.